ఫ్లాట్‌హెడ్ వీ8 బ్లాకు కొనేముందు ఎలా గుర్తించాలి, ఏమేమి పరీక్షించాలి?

పాతఫోర్డు_డేటన్ (ఓహాయో, అమెరికా)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 1947 నాటి ఫోర్డు సెడాన్ ఉంది. దానిది ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిను, అంటే వాల్వులు హెడ్డులో (సిలిండర్లను పైన మూసే మూతలో) కాక బ్లాకులోనే ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజిను. దాని బ్లాకులో, అంటే సిలిండర్లు ఉన్న ఇనుప పోతలో, ఒక ఎగ్జాస్టు వాల్వు సీటు నుంచి సిలిండరు గోడలోకి పగులు లోతుగా పాకి, నీళ్ళు ఆయిలులో కలుస్తున్నాయి. దాని మీద ఇంకా డబ్బు పెట్టడం కన్నా మరొక బ్లాకు వెతుక్కోవడం మేలని ఇక్కడి మెషిన్ షాపు వారు చెప్పారు.

మా ఊరికి దగ్గరలో ఒక రైతు గోదాములో మూడు ఖాళీ బ్లాకులు అమ్మకానికి ఉన్నాయి. అమ్మే పెద్దాయన మూడూ ‘59ఏ’ (నా కారు కాలపు ఫోర్డు వీ8 రకం) బ్లాకులేనని అంటున్నారు. ఫోటోలు జత చేశాను. మొదటిదానికి బెల్ హౌసింగు (వెనుక క్లచ్చును కప్పే గూడు) పైభాగం బ్లాకుతో కలిసి ఒకే పోతగా ఉంది. రెండవదాని వెనుకభాగం చదునుగా ఉండి, చుట్టూ బోల్టు రంధ్రాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడవదానికి బెల్ హౌసింగు ఉంది గాని తుప్పు బాగా పట్టి, స్టడ్డులు (హెడ్డును బిగించే మరకడ్డీలు) చాలావరకు విరిగి ఉన్నాయి.

వారాంతంలో వెళ్ళి చూస్తాను. ఏది ఏ కాలపుదో అక్కడే ఎలా తేల్చుకోవాలి? డబ్బు ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఏ పరీక్ష ముందు చేయించాలి?

మిషిగన్_మెషినిస్టు (డెట్రాయిట్, అమెరికా)

రెండవది 59ఏ కాదని ఫోటో చూస్తేనే తెలిసిపోతుంది. 1932 నుంచి 1948 వరకు ఫోర్డు వీ8 బ్లాకులకు బెల్ హౌసింగు పైభాగం బ్లాకుతోనే పోత పోశారు. 1949 నుంచి 1953 వరకు వచ్చిన 8బీఏ కుటుంబంలో మాత్రం బెల్ హౌసింగును విడిగా చేసి బోల్టులతో బిగించారు. కనుక వెనుకభాగం చదునుగా ఉన్న ఆ బ్లాకు కారుదైతే 8బీఏ, ట్రక్కుదైతే 8ఆర్‌టీ అయి ఉంటుంది. అదేమీ చెడ్డ బ్లాకు కాదు. కాకపోతే మీ 1947 కారు గేరుబాక్సుకు నేరుగా కూర్చోదు. అడాప్టర్లు వెతకాలి, ఆయిల్ పాన్ మారుతుంది, డిస్ట్రిబ్యూటరు ఉండే చోటు కూడా మారుతుంది. 1948 దాకా డిస్ట్రిబ్యూటరు క్యామ్‌షాఫ్టు ముందు కొసకే ఎదురుగా కూర్చునేది. 1949 నుంచి అది నిలువుగా, ఒక పక్కకు జరిగింది.

తరువాత చేయవలసిన పని స్టడ్డు రంధ్రాలు లెక్కపెట్టడం. ఒక వైపు హెడ్డుకు 21 రంధ్రాలుంటే అది 1932 నుంచి 1938 మధ్యది. 24 ఉంటే 1938 చివరి నుంచి 1953 వరకు ఎప్పటిదైనా కావచ్చు. 17 మాత్రమే ఉంటే అది 1937లో మొదలైన చిన్న 136 ఘనపుటంగుళాల (సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం) ‘వీ8-60’ ఇంజిను. మీ కారుకు ఏ విధంగానూ పనికిరాదు. మీ మూడవ ఫోటోలో విరిగిన స్టడ్డుల మొదళ్ళను కూడా కలుపుకొని లెక్కపెడితే నాకు 21 వచ్చాయి. అక్కడికి వెళ్ళినప్పుడు చేత్తో తాకుతూ మరోసారి లెక్కపెట్టండి.

ఇక మొదటిది. బెల్ హౌసింగు పైన, ఇన్‌టేక్ మానిఫోల్డు వెనుకభాగంలో, మురికి గీకితే పోతలో ఉబ్బెత్తుగా ‘59’ అనే అంకె, దాని పక్కన ఏదో ఒక అక్షరం కనిపించాలి. 59ఏ అనే పేరే అక్కడి నుంచి వచ్చింది. హెడ్డుల మీద ఉన్న అంకెలు చూసి మాత్రం బ్లాకును నిర్ణయించకండి. డెబ్బై ఎనభై ఏళ్ళలో హెడ్డులు ఎన్ని చేతులు మారి ఉంటాయో చెప్పలేము.

నాలుగో_సిలిండరు (హైదరాబాదు)

ఒక విషయం చేరుస్తాను. నంబరు కోసం బ్లాకంతా గీకే శ్రమ పెట్టుకోకండి. 1932 నుంచి 1948 వరకు ఫోర్డు వీ8 కార్లలో వరుస సంఖ్యను బ్లాకు మీద కొట్టలేదు. దానిని క్లచ్చు, గేరుబాక్సు గూడు మీద, చాసిస్ మీద కొట్టారు. బ్లాకు మీద దొరికేది పోత గుర్తు; అది ఏ రకమో చెబుతుంది గాని, ఏ కారుదో చెప్పదు.

మన దేశంలో ఇది కాగితాల దగ్గర కూడా చిక్కు తెస్తుంది. ఆర్‌సీ పుస్తకంలో ఇంజిను నంబరుకు ఒక గడి, చాసిస్ నంబరుకు ఒక గడి ఉంటాయి. ఆనాటి ఫోర్డు కార్లకు రెండు గళ్ళలోనూ ఒకే సంఖ్య రాసిన పాత పత్రాలు నేను చూశాను. అది తెలియని కొనుగోలుదారు, బ్లాకు మీద నంబరు లేదు కనుక ఎవరో దానిని రుద్దేశారని అనుమానపడతాడు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని వింటేజి వాహనంగా ‘వీఏ’ శ్రేణి నంబరుతో నమోదు చేయించుకోవాలంటే చాసిస్, బాడీ షెల్, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అందుకే ఇక్కడ ఉన్నవాళ్ళం అదే కుటుంబానికి చెందిన బ్లాకు కోసమే వెతుకుతాము.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఫోర్డు కంపెనీ భారతదేశపు శాఖ 1926లో కెనడా ఫోర్డుకు అనుబంధంగా మొదలైంది. బొంబాయి, మద్రాసు, కలకత్తాలలో కార్లు బిగించేవారు. పైగా రెండవ ప్రపంచయుద్ధంలో కెనడాలో తయారైన సైనిక ట్రక్కులు, 239 ఘనపుటంగుళాల 95 హార్స్‌పవర్ ఇంజిన్లతో పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చి, యుద్ధం ముగిశాక వేలంలో పోయాయి. కాబట్టి మన వైపు దొరికే బ్లాకుల్లో కెనడా పోతలు ఎక్కువ. వాటి గుర్తులో అంకె ముందు ‘సీ’ అక్షరం కనిపిస్తుంది. అది నకిలీ అనుకుని వదిలిపెట్టవద్దు.

ఆటోనగర్_బోరింగు (విజయవాడ)

డేటన్ గారూ, గుర్తులు చూడండి, తప్పులేదు. కానీ గుర్తు ఆ బ్లాకు పుట్టినప్పుడు ఏమిటో చెబుతుంది. ఇప్పుడు ఏమిటో కొలతే చెప్పాలి. వెర్నియరు వెంట తీసుకువెళ్ళండి, డయల్ బోర్ గేజి ఉంటే మరీ మంచిది.

221 ఘనపుటంగుళాల ఫోర్డు బ్లాకుకు కొత్తగా ఉన్నప్పటి బోరు (సిలిండరు రంధ్రపు వ్యాసం) 3-1/16 అంగుళాలు, అంటే 77.8 మిల్లీమీటర్లు. 239 బ్లాకుకు 3-3/16, అంటే 81 మిల్లీమీటర్లు. స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) రెండింటికీ 3-3/4 అంగుళాలే. ఇక్కడొక మెలిక ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. 221 బ్లాకును ఎవరైనా ఇంతకు ముందే అంగుళంలో ఎనిమిదోవంతు పెంచి బోరు కొట్టించి ఉంటే దాని బోరు సరిగ్గా 3-3/16 అవుతుంది. కొలిచినవాడు ఇది స్టాండర్డు 239 బ్లాకు, ఎప్పుడూ బోరు కొట్టలేదు, ఇంకా ఎంతో గోడ ఉంది అనుకుంటాడు. నిజానికి అది తన ఆయుష్షు చాలావరకు వాడుకున్న బ్లాకు. కాబట్టి 3-3/16 కొలత వచ్చినచోట ‘59’ గుర్తు కూడా ఉంటేనే అది స్టాండర్డు బోరు అని నమ్మండి.

బోరు పైఅంచున గోరు తగిలించి చూడండి. పిస్టను రింగు తిరిగే చోటికి పైన మెట్టు ఎంత ఎత్తుగా తగులుతోందో దానినిబట్టి అరుగుదల తెలుస్తుంది. అలాగే బోరు అంచు చుట్టూ వెంట్రుకంత సన్నని వృత్తం కనిపిస్తుందేమో వెలుతురులో చూడండి. కనిపిస్తే స్లీవు (సిలిండరు లోపల తొడిగే గొట్టం) వేసి ఉందని అర్థం. ఆ కాలపు బ్లాకుల్లో కొన్నింటికి కంపెనీయే పలుచని ఉక్కు స్లీవులు వేసింది కనుక, స్లీవు కనిపించినంత మాత్రాన బ్లాకు దెబ్బతిన్నదని తీర్మానించనక్కరలేదు.

విశాఖ_జీపు (విశాఖపట్నం)

చర్చ ఫోర్డు వీ8 గురించే అయినా, మన రాష్ట్రాలలో ఫ్లాట్‌హెడ్ అంటే ఎక్కువమంది చేతికి వచ్చేది విల్లీస్ జీపు నాలుగు సిలిండర్ల ఎల్-134 బ్లాకు. దాని బోరు 3-1/8 అంగుళాలు, స్ట్రోకు 4-3/8. అందులో నంబరు బ్లాకు మీదే ఉంటుంది. ఫోర్డు కంపెనీ కట్టిన జీపీడబ్ల్యూ జీపుల్లో ఇంజిను నంబరు, చాసిస్ నంబరు మొదట్లో ఒకటే. విల్లీస్ కట్టిన ఎంబీలో అవి రెండూ వేరువేరు. యుద్ధకాలపు ఇంజిన్లలో క్యామ్‌షాఫ్టును టైమింగ్ చెయిన్ తిప్పేది, ఆ తరువాతి వాటిలో గేర్లు వచ్చాయి.

1953లో వచ్చిన సీజే-3బీ జీపు ఇంజినును, మహీంద్రా వారు మన దేశంలో దశాబ్దాలపాటు తయారుచేసిన దానిని, చాలామంది ఫ్లాట్‌హెడ్ అంటూ అమ్ముతుంటారు. అందులో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉంటాయి. హెడ్డు మీద రాకర్ కవరు కనిపిస్తే అది ఫ్లాట్‌హెడ్ కాదు. కింది బ్లాకు చూడడానికి దగ్గర పోలికతో ఉంటుంది కనుక హెడ్డు లేకుండా అమ్మేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి: డెక్కు (హెడ్డు కూర్చునే బ్లాకు పైముఖం) మీద సిలిండరుకు రెండేసి వాల్వు సీట్లు ఉంటే ఎల్-134, ఒక్కొక్కటే ఉంటే అది తరువాతిది.

నా ప్రశ్న: వీ8 బ్లాకులు ఎగ్జాస్టు సీట్ల దగ్గరే అంతగా ఎందుకు పగులుతాయి? జీపు బ్లాకుల్లో ఈ బాధ ఇంత తీవ్రంగా నాకు కనిపించలేదు.

లోహశాస్త్రి (వరంగల్లు)

కారణం పొగ బయటకు వెళ్ళే దారిలో ఉంది. ఫోర్డు వీ8లో ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు అన్నీ రెండు సిలిండరు వరుసల నడుమ ఉన్న లోయ వైపు ఉంటాయి. ఎగ్జాస్టు మానిఫోల్డులు మాత్రం బ్లాకుకు బయటి పక్కల ఉంటాయి. మండిన వాయువులు లోపలి వైపు నుంచి బయటి వైపుకు రావాలంటే సిలిండర్ల సందుల్లోంచి, నీటి జాకెట్టును (సిలిండర్ల చుట్టూ చల్లబరిచే నీరు తిరిగే ఖాళీని) దాటుకుంటూ, బ్లాకు శరీరం గుండానే ప్రయాణించాలి. పైగా ఒక్కొక్క వైపు నడిమి రెండు సిలిండర్ల పొగ ఒకే దారిలో కలుస్తుంది. నాలుగు సిలిండర్లకు మూడే ద్వారాలు కనిపించడానికి కారణం ఇదే. ఆ నడిమి దారి చుట్టూ ఉన్న లోహం మిగతా బ్లాకు కన్నా ఎంతో వేడెక్కుతుంది. జీపు ఇంజినులో ఎగ్జాస్టు దారి చిన్నది. వాల్వు ఏ పక్కన ఉందో ఆ పక్కనే బయటికి వెళ్ళిపోతుంది.

ఇక లోహం స్వభావం. బూడిద పోత ఇనుములో గ్రాఫైటు రేకులుగా పేరుకుని ఉంటుంది. నొక్కుడు బలాన్ని అది బాగా ఓర్చుకుంటుంది, లాగుడు బలాన్ని ఓర్చుకోలేదు. ప్రతి రేకు కొస దగ్గరా పగులు మొదలవడానికి అవకాశం ఉంటుంది. సీటుకూ సిలిండరుకూ నడుమ ఉన్న సన్నని వంతెన బాగా వేడెక్కినప్పుడు వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ చల్లగా ఉన్న లోహం దానిని కదలనివ్వదు. ఆ నొక్కుడులో అది కొద్దిగా శాశ్వతంగా కుదించుకుపోతుంది. ఇంజిను ఆపాక చల్లారేటప్పుడు అదే చోట లాగుడు బలం పుడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే, అందులోనూ నీళ్ళు లేక ఇంజిను విపరీతంగా వేడెక్కిన సందర్భాలు కొన్ని ఉంటే, ఆ వంతెన తెగుతుంది.

చలిదేశాలలో మరో రకం పగులు ఉంది. శీతాకాలంలో నీళ్ళు తీయకుండా వదిలేసిన బ్లాకులో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, జాకెట్టు బయటి గోడను పొడవునా చీలుస్తుంది. ఓహాయోలో గోదాములో పడి ఉన్న బ్లాకు అంటున్నారు కనుక, బయటి పక్కలను కింది అంచు దాకా తప్పక చూడండి. మన వైపు గడ్డకట్టే సమస్య లేదు, దానికి బదులు బోరుబావి నీళ్ళు పోయడం వల్ల జాకెట్టులో సున్నపు పొర పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు, దానితో మళ్ళీ అదే వంతెన మీద భారం పడుతుంది.

ఆటోనగర్_బోరింగు (విజయవాడ)

లోహశాస్త్రి గారు చెప్పినది అక్షరాలా నిజం. ఇక గోదాములో ఏం చేయాలో నా అనుభవం చెబుతాను.

ముందుగా మూడు మెయిన్ బేరింగు క్యాపులు (క్రాంకుషాఫ్టును బ్లాకుకు పట్టి ఉంచే మూతలు) బ్లాకుతో ఉన్నాయా అని అడగండి. ఈ ఇంజినుకు మెయిన్ బేరింగులు మూడే. ఆ క్యాపులను బ్లాకుకు బిగించి, ఒకే వరుసలో బోరు కొట్టి తయారుచేశారు. వేరే బ్లాకు క్యాపులు తెచ్చి బిగిస్తే రంధ్రం గుండ్రంగా రాదు, వరుస కుదరదు. క్యాపులు లేని బ్లాకుకు లైన్ బోరింగు (మూడు బేరింగుల రంధ్రాలనూ మళ్ళీ ఒకే వరుసలో కొట్టడం) ఖర్చు తప్పదు, కాబట్టి ధరలో దానిని తగ్గించుకోవాలి.

తరువాత డెక్కు. వైరు బ్రష్షుతో ఎగ్జాస్టు సీట్ల చుట్టూ తళతళలాడే దాకా రుద్దండి. కిరోసిను పూసి కాసేపు ఆగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్క రుద్దండి. పగులులోకి దిగిన కిరోసిను మెల్లగా పైకి వచ్చి సుద్ద మీద తడి గీతలా కనిపిస్తుంది. పాత పద్ధతే అయినా కరెంటు లేని చోట బాగా పనికివస్తుంది.

చూడవలసిన చోట్లలో ప్రమాదకరమైనది సీటు నుంచి బోరులోకి దిగే పగులు. రెండు సీట్ల మధ్య పగులు దాని తరువాతిది. డెక్కు మీద నీటి రంధ్రం నుంచి పక్కనున్న స్టడ్డు రంధ్రంలోకి వెళ్ళే చిన్న పగులు మాత్రం ఈ బ్లాకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ఇంజినులో చాలా స్టడ్డు రంధ్రాలు ఎలాగూ నీటిలోకే తెరుచుకుని ఉంటాయి కాబట్టి, స్టడ్డు మరలకు సీలెంటు సరిగా పూసి బిగిస్తే దానితో ఇబ్బంది రాదు. అది చూపించి ధర తగ్గించమని అడగవచ్చు గాని, దాని కోసం మంచి బ్లాకును వదులుకోకూడదు.

ఆ తరువాత బ్లాకును తిరగేయించి మెయిన్ బేరింగుల గోడలను, సిలిండర్ల కింది అంచులను, ఆయిల్ పాన్ కూర్చునే అంచును టార్చితో చూడండి. అక్కడ వెల్డింగు అతుకు కనిపిస్తే, అది ఎంత అందంగా ఉన్నా, రెండో ఆలోచన లేకుండా పక్కన పెట్టండి.

మిషిగన్_మెషినిస్టు (డెట్రాయిట్, అమెరికా)

వెల్డింగు విషయంలో ఆటోనగర్ గారితో కొంత విభేదిస్తాను. బ్లాకు మొత్తాన్ని వేడిచేసి, పనితెలిసిన చేతితో అతికిన అతుకులు దశాబ్దాలు నిలిచాయి. మెయిన్ బేరింగు గోడలో అయితే మీ మాటే నా మాట. బయటి జాకెట్టు గోడ మీద అతుకు ఉంటే మాత్రం ప్రెషర్ టెస్టు చేసే దాకా తీర్పు ఆపాలి.

ఇంటికి తెచ్చాక పనుల వరుస తప్పకూడదు. మొదట శుభ్రం. నీటి జాకెట్టులో తుప్పు, బురదతో పాటు పోత పోసిన నాటి కోరు (లోపల ఖాళీ రావడానికి అచ్చులో పెట్టే ఇసుక దిమ్మ) ఇసుక, కోరును నిలబెట్టిన ఇనుప తీగలు కూడా మిగిలి ఉంటాయి. వెల్చి ప్లగ్గులన్నీ (జాకెట్టు రంధ్రాలను మూసే ఇనుప బిళ్ళలు) తీసి, రసాయనపు తొట్టిలోనో కొలిమిలోనో శుభ్రపరిచాక ఆ తీగలను చేత్తో లాగి తీయాలి. తరువాత మాగ్నాఫ్లక్స్, అంటే బ్లాకును అయస్కాంతీకరించి ఇనుప రజను చల్లి పైపగుళ్ళు చూడడం. ఎగ్జాస్టు దారి లోపల ఉన్న పగులు అందులో కనిపించదు కనుక మూడవది ప్రెషర్ టెస్టు: డెక్కులకు, పంపుల ద్వారాలకు పలకలు బిగించి, వేడినీటితో బ్లాకును వెచ్చచేసి, గాలి ఒత్తిడి పెట్టి చూడడం. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడిలో తెరుచుకుంటుంది. ఈ మూడూ అయ్యేదాకా బోరింగుకు ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకండి. బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు కొనుక్కున్న తరువాత పగులు బయటపడిన వాళ్ళు ఎందరో నా దగ్గరకు వచ్చారు.

నాలుగో_సిలిండరు (హైదరాబాదు)

అమ్మే పెద్దాయన ఏదో ఒకదానిని ‘మెర్క్యురీ బ్లాకు’ అని ఎక్కువ ధర చెబితే ఒప్పుకోకండి. 1949 నుంచి 1953 వరకు మెర్క్యురీ కారులో 255 ఘనపుటంగుళాలు రావడానికి కారణం 4 అంగుళాల స్ట్రోకు ఉన్న క్రాంకు. బోరు మాత్రం అదే 3-3/16. క్రాంకు లేని ఖాళీ బ్లాకుకు ఆ పేరు పెట్టి అదనంగా డబ్బు అడగడంలో అర్థం లేదు.

పాతఫోర్డు_డేటన్ (ఓహాయో, అమెరికా)

అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళి వచ్చాను. రెండవది మీరు చెప్పినట్టే 8బీఏ. మూడవదానికి స్టడ్డులు 21. మొదటిదానికి 24 రంధ్రాలు, బెల్ హౌసింగు మీద గీకగా ‘59’ గుర్తు స్పష్టంగా బయటపడింది. బోరు 3.2475 అంగుళాలు, అంటే స్టాండర్డు మీద అరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) పెరిగి ఉంది. మూడు క్యాపులూ ఉన్నాయి. సుద్ద పరీక్షలో డెక్కు మీద నీటి రంధ్రాల నుంచి స్టడ్డు రంధ్రాలకు చిన్న పగుళ్ళు కనిపించాయి. సీట్ల దగ్గర ఏమీ కనిపించలేదు. బయటి గోడలు బాగున్నాయి. దానిని తెచ్చుకున్నాను.

షాపులో శుభ్రం చేసి మాగ్నాఫ్లక్స్ చూశారు, కొత్తగా ఏమీ దొరకలేదు. ప్రెషర్ టెస్టులో మాత్రం కుడివైపు నడిమి ఎగ్జాస్టు దారిలోంచి బుడగలు వచ్చాయి. పగులు సీటు కింద మొదలై దారి గోడ వెంట పోతోంది, బోరును తాకలేదు. దీనిని బాగుచేయించడం వివేకమేనా, లేక ఈ బ్లాకునూ వదులుకోవాలా?

మిషిగన్_మెషినిస్టు (డెట్రాయిట్, అమెరికా)

బోరును తాకలేదంటే తప్పక బాగుచేయించవచ్చు. పిన్నులతో కుట్టించండి. పగులు రెండు కొసలనూ గుర్తించి, ఒక కొస నుంచి రంధ్రం చేసి, మర తీసి, పిన్ను బిగించి, దాని అంచును కొరుకుతూ పక్క రంధ్రం చేసి, ఇలా ఒకదానిమీద ఒకటి ఎక్కేలా మరో కొస దాటేదాకా పోవాలి. ఇందులో వేడి ఉండదు కాబట్టి కొత్త పగులు పుట్టే భయం లేదు. తరువాత పాత సీటు తీసిన చోట కొత్త గట్టి సీటు రింగు వేస్తే పిన్నుల పైకొస దాని కింద భద్రంగా ఉంటుంది. దారి లోపలికి పనిముట్టు అందుతుందా లేదా అన్నది ఆ పని చేసే మనిషి చూసి చెప్పాలి. అందకపోతే ఈ సలహా వర్తించదు.

ఆటోనగర్_బోరింగు (విజయవాడ)

నేనూ అదే చెబుతాను. కుట్టిన తరువాత మళ్ళీ ప్రెషర్ టెస్టు చేయించండి, మొదటి ఒత్తిడితోనే, బ్లాకు వేడిగా ఉండగానే.

బోరు గురించి ఒక మాట. ఇప్పటికే అరవై సైజులో ఉన్నది. 59ఏ బ్లాకును 3-5/16 దాకా, అంటే స్టాండర్డు మీద 125 థౌ వరకు పెంచడం వాడుకలో ఉన్నదే కనుక ఇంకా చోటు ఉంది. కానీ పోత పోసేటప్పుడు కోరు కొద్దిగా జరిగి ఉంటే సిలిండరు గోడ ఒక వైపు మందంగా, మరో వైపు పలుచగా వస్తుంది. ఎనిమిది సిలిండర్లకూ అల్ట్రాసోనిక్ మీటరుతో నాలుగు వైపులా, పైన, నడుమ, కింద గోడ మందం కొలిపించి, ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. అన్నిటికన్నా పలుచని చోటును బట్టే సైజు నిర్ణయించాలి. పిస్టను నొక్కుకుంటూ తిరిగే వైపున నూరు థౌ కన్నా తక్కువ గోడ మిగిలే పనైతే నేను బోరు కొట్టను, ఆ ఒక్క సిలిండరుకు స్లీవు వేస్తాను.

లోహశాస్త్రి (వరంగల్లు)

కొలిచే ముందు మీటరును ఆ బ్లాకు లోహం మీదే సరిచూసుకోమని చెప్పండి. ఉక్కుకు అమర్చిన ధ్వనివేగంతో బూడిద పోత ఇనుమును కొలిస్తే ఉన్నదానికన్నా గోడ మందంగా కనిపిస్తుంది. వెర్నియరుతో కొలవగలిగిన ఏదైనా అంచు దగ్గర రెండు కొలతలూ సరిపోల్చి, ఆ తరువాతే సిలిండర్లలోకి వెళ్ళాలి.

పాతఫోర్డు_డేటన్ (ఓహాయో, అమెరికా)

పిన్నులు వేసే ఆయన వచ్చి చూశారు; పనిముట్టు అందుతుందని చెప్పి పని పూర్తిచేశారు. వేడి బ్లాకు మీద రెండవ ప్రెషర్ టెస్టులో బుడగలు రాలేదు. గోడ మందం కొలిపిస్తే, మీటరు సరిచూసుకున్న తరువాత, అన్నిటికన్నా పలుచని చోటు ఆరవ సిలిండరులో, నొక్కుడు వైపున, 130 థౌ వచ్చింది. మిగిలిన అన్ని చోట్లా 150 దాటి ఉంది. నేను ఎనభై సైజు పిస్టన్లు అనుకుంటున్నాను.

ఆటోనగర్_బోరింగు (విజయవాడ)

అరవై నుంచి ఎనభైకి అంటే వ్యాసం మీద ఇరవై, గోడ మీద పది థౌ పోతాయి. ఆరవదానిలో 120 మిగులుతుంది. ధైర్యంగా చేయించండి, స్లీవు అవసరం లేదు. పిస్టన్లు చేతికి వచ్చాక ఒక్కొక్కటీ కొలిచి, దానికి తగినట్టు ఆ సిలిండరుకు హోనింగు (సానరాళ్ళతో తుది కొలతకు నునుపు చేయడం) చేయమనండి. బోరు కొట్టేటప్పుడు మెయిన్ క్యాపులు బిగించి ఉండాలి, బిగింపుతో బ్లాకు ఆకారంలో వచ్చే కొద్దిపాటి తేడా కూడా కొలతలోకి రావాలి కాబట్టి.

నాలుగో_సిలిండరు (హైదరాబాదు)

డేటన్ గారూ, ఆ 21 స్టడ్డుల బ్లాకు తుక్కుకు వెళ్ళకుండా చూడగలరా? 1932 మార్చిలో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్లను ఒకే పోతగా సామాన్యుల కారులో తెచ్చినప్పటి రూపం అదే. ముందువైపు రెండు పక్కలా నీటి పంపులు బిగించే ద్వారాలు బ్లాకులోనే ఉంటే 1937 లేదా 1938ది. అవి లేకపోతే పంపులు హెడ్డుల మీద ఉండేవి కనుక 1936 లేదా అంతకు ముందుది. అలాంటప్పుడు మెయిన్ బేరింగుల చోటు చూడండి. బ్లాకులోనే కరిగించి పోసిన తెల్లని బ్యాబిట్ లోహం ఉంటే, విడిగా అమర్చే షెల్ బేరింగులు రాకముందుది. షెల్ బేరింగులు 1936లో వచ్చాయి. తొలి సంవత్సరాల కారు బాగుచేస్తున్నవారికి పగిలిన బ్లాకు కూడా విలువైనదే.

పాతఫోర్డు_డేటన్ (ఓహాయో, అమెరికా)

ముందువైపు పంపుల ద్వారాలు లేవు, అది నాకు బాగా గుర్తుంది. మెయిన్ బేరింగుల చోటు చూడలేదు. రేపు ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, అమ్మవద్దని చెప్పి, ఆదివారం వెళ్ళి ఫోటోలు తీసి ఇక్కడ పెడతాను.